నిరాశ్రయ యువత, లైంగిక ఆరోగ్య పరీక్షలు: కర్నూలు, కడప ప్రాంతాల్లోని అవరోధాలు

లైంగిక ఆరోగ్య పరీక్షలు రెండు రకాలు. ఒంటి మీద పుండో, మూత్రంలో మంటో, స్రావమో కనిపించిన తరువాత దాని కారణం తేల్చడానికి చేసే పరీక్ష ఒకటి. ఏ బాధా లేని మనిషిలో జబ్బు దాగి ఉందేమో ముందుగానే చూసే పరీక్ష మరొకటి. ఈ రెండో దానినే స్క్రీనింగ్ అంటారు. హెచ్‌ఐవీ ఏళ్ల తరబడి పైకి కనిపించదు. సిఫిలిస్ పుండు మందు వేయకపోయినా మానిపోయి, రోగం మాత్రం రక్తంలో ఉండిపోతుంది. క్లమీడియా సోకిన స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి బాధ పుట్టాక ఆసుపత్రికి వెళ్లడం మీదనే ఆధారపడితే ఈ వ్యాధులు చాలా భాగం పట్టుబడవు. చికిత్సతో పూర్తిగా నయమయ్యే క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు వ్యాధులే 2020లో ప్రపంచమంతటా 15–49 ఏళ్ల వారికి సుమారు 37 కోట్ల సార్లు కొత్తగా సోకాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

నిరాశ్రయులు ఎవరనే దానికి భారత జనాభా లెక్కల విభాగం ఇచ్చిన నిర్వచనం స్పష్టమైనదే కానీ ఇరుకైనది. గోడలు, కప్పు ఉన్న జనగణన గృహంలో కాక రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ల మీద, హ్యూమ్ పైపుల్లో, మెట్ల కింద, ఫ్లైఓవర్ల కింద, ఆలయ మంటపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవారిని ఆ విభాగం ఇల్లు లేనివారిగా లెక్కిస్తుంది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా జరిగిన ఈ లెక్కలో 17.7 లక్షల మంది తేలారు. ఐక్యరాజ్య సమితి 15 నుంచి 24 ఏళ్ల వారిని యువత అంటుంది. ఈ వ్యాసంలోనూ ఆ వయసే ప్రమాణం. పద్దెనిమిదో ఏడు ఈ వయసు మధ్యలో గీతలా పడి, ఒకవైపు ఉన్నవారిని పిల్లలుగా, మరోవైపు ఉన్నవారిని పెద్దలుగా చట్టం ముందు నిలబెడుతుంది. ఆ గీత తెచ్చే చిక్కులు కింద విడిగా వివరించబడ్డాయి.

రాయలసీమలో వర్షాభావం వల్ల ఇల్లు వదలడం కొత్త సంగతి కాదు. తుంగభద్ర, హంద్రీ నదులు కలిసేచోట ఉన్న కర్నూలు నగర జనాభా 2011లో సుమారు 4.3 లక్షలు, కడప జనాభా సుమారు 3.4 లక్షలు, ఈ రెండు పట్టణాలకూ నిరాశ్రయులు చేరే దారులు వేరువేరు. కర్నూలు మీదుగా హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి పోతుంది. కడప ముంబయి–చెన్నై రైలు మార్గంలో ఉంది. డోన్, గుంతకల్లు జంక్షన్లలో రైళ్లు మారే పిల్లలు, కుర్రవాళ్లు ఏ ఊరికీ చెందకుండా తిరుగుతుంటారు. మంత్రాలయం, శ్రీశైలం, మహానంది వంటి క్షేత్రాలు, కడప అమీన్‌పీర్ దర్గా అన్నం దొరికే చోట్లు కాబట్టి కొందరు వాటిని ఆశ్రయిస్తారు. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుంచి పత్తి తీతకూ గుంటూరు వైపు మిరప కోతలకూ కుటుంబాలతో సహా తరలిపోయే వారిది మరొక రకం. ఆ ప్రాంతంలో దీన్ని సుగ్గికి పోవడం అంటారు. ఊళ్లో వారికి ఇల్లు ఉంటుంది, తాళమూ ఉంటుంది; అయినా సంవత్సరంలో కొన్ని నెలలు చేల గట్ల మీద పట్టాల గుడారాల్లోనే నిద్ర. 2011లో ఇల్లు లేనివారిని లెక్కించిన ఫిబ్రవరి ఆఖరి రాత్రి సరిగ్గా మిరప కోతలు సాగే కాలంలో పడింది. సొంత ఊరి లెక్కలో వారు ఇల్లున్నవారు. ఆ రాత్రి పడుకున్న చోట మాత్రం వారికి ఇల్లు లేదు.

హెచ్‌ఐవీ విషయంలో ఆంధ్రప్రదేశ్ స్థితి దేశ సగటు కంటే బరువైనది. 1986లో మద్రాసులో సునీతి సాలమన్, సెల్లప్పన్ నిర్మల చేసిన పరీక్షలతో దేశంలో హెచ్‌ఐవీ ఉన్నట్టు తొలిసారి వెల్లడయింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2021 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.21 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, సంఖ్యలో చూస్తే మహారాష్ట్ర తరువాత ఆంధ్రప్రదేశే, సుమారు 3.2 లక్షల మందితో, రెండో స్థానంలో ఉంది. 2003లో గేట్స్ ఫౌండేషన్ నిధులతో మొదలైన అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఆరు రాష్ట్రాల్లో నడిచింది. అందులో భాగంగా తెలంగాణ, రాయలసీమ జిల్లాల బాధ్యతను ఇండియా హెచ్‌ఐవీ ఎయిడ్స్ అలయన్స్ చూసింది. సీమలో సెక్స్‌వర్కర్ల మధ్య, హిజ్రాల మధ్య పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తమలోంచే శిక్షణ పొంది తోటివారికి చెప్పేవారు, పనిచేయడం అలవాటైంది ఆ కాలంలోనే.

ప్రభుత్వ ఏర్పాటు కాగితం మీద చూస్తే విస్తృతమైనదే. ఐసీటీసీ అని పిలిచే సమీకృత సలహా, పరీక్షా కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. మొదటి పరీక్షలో వైరస్ జాడ కనిపిస్తే వేరే పద్ధతుల్లో మరి రెండు పరీక్షలు చేసి నిర్ధారిస్తారు. ఫలితం సాధారణంగా అదే రోజు చెబుతారు. సుఖవ్యాధుల చికిత్సకు పెద్ద ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. అక్కడ వ్యాధిక్రిమిని ప్రయోగశాలలో వెతకడం కంటే లక్షణాల గుంపును బట్టి మందు ఇచ్చే పద్ధతి నడుస్తుంది. ఏ లక్షణాలకు ఏ మందులో తికమక పడకుండా ఏడు రంగుల కిట్లు ఏర్పాటు చేశారు. మూత్రనాళ స్రావానికి ఇచ్చే బూడిద రంగు కిట్‌లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఒక్కొక్క మోతాదు ఉంటాయి. రోగి వాటిని అక్కడే మింగి వెళ్లవచ్చు. ఊళ్లు తిరిగే మనిషికి ఇంతకంటే అనువైన చికిత్స ఊహించడం కష్టం. లోపమల్లా, లక్షణం లేనివారిని ఈ పద్ధతి చూడలేదు. మూత్రం నమూనాతో క్లమీడియాను పట్టే జన్యు పరీక్ష జిల్లా స్థాయి సేవల్లో మామూలు విషయం కాలేదు కాబట్టి, ఇక్కడ స్క్రీనింగ్ అంటే ఆచరణలో హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలే.

ఎవరికి పరీక్ష అందుతుందన్నది ఎవరిని ఏ పేరుతో లెక్కిస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంది. జాతీయ కార్యక్రమం తన దృష్టిని ముప్పు ఎక్కువగా ఉన్న వర్గాల మీద, అంటే సెక్స్‌వర్కర్లు, పురుషులతో లైంగిక సంబంధం ఉన్న పురుషులు, హిజ్రాలు, సూదిమందుల ద్వారా మత్తు తీసుకునేవారి మీద పెడుతుంది. లారీ డ్రైవర్లు, వలస కూలీలు వారి తరువాతి వరుస. బస్టాండులో పడుకునే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఈ వర్గాల్లో ఏదో ఒకదానిలోకి తనను తాను చేర్చుకుంటే తప్ప క్షేత్ర కార్యకర్త జాబితాలోకి రాడు. అన్నం కోసమో, ఒక రాత్రి పడకకోసమో, ఎవరో కొడతారన్న భయంతోనో లైంగిక సంబంధానికి ఒప్పుకున్నవాడు తనను సెక్స్‌వర్కర్ అనుకోడు, ఎవరైనా అలా అంటే తల వంచుకుని వెళ్లిపోతాడు. 10–19 ఏళ్ల వారికోసం 2014 జనవరిలో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఎక్కువగా పల్లెలో, బడిలో, ఇంట్లో ఉండే పిల్లలనే చేరుతుంది. ఇలా రెండు పెద్ద కార్యక్రమాల మధ్య మిగిలిపోయినవారిని ప్రత్యేకంగా లెక్కపెట్టే గడి ఏ పట్టికలోనూ లేదు, వారి వ్యాధి భారమూ ఏ నివేదికలోనూ విడిగా కనపడదు.

ఇల్లే ప్రమాణమైన వ్యవస్థ

ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమమైనా ఆరోగ్యమైనా ఇంటి నంబరుతో మొదలవుతుంది. 2019లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయ పద్ధతి ప్రతి కుటుంబాన్ని ఒక సచివాలయానికి కట్టింది; ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం తమకు కేటాయించిన ఇళ్లకే వెళతారు; ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ఉచిత వైద్య పథకానికి కుటుంబ కార్డు ఆధారం. ఇల్లు లేనివారి కోసం ఈ గొలుసులో ఎవరూ వెతుక్కుంటూ రారు. ఐసీటీసీలో పరీక్షకు గుర్తింపు కార్డు తప్పనిసరి కాదు, పేరుకు బదులు ఒక నంబరుతోనే పరీక్ష జరగవచ్చు. అయినా ఆ గది దాకా పోవాలంటే ముందు ఆసుపత్రి కౌంటరులో ఓపీ చీటీ తీసుకోవాలి, అక్కడ పేరు, ఊరు, తండ్రి పేరు, ఆధార్, ఫోను నంబరు అడుగుతారు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన వాడికి తండ్రి పేరు చెప్పడమే ప్రమాదంలా తోస్తుంది; ఆ పేరుతో తనను వెనక్కి పంపుతారేమోనని భయపడతాడు. చీటీ కోసం అబద్ధపు పేరు చెప్పినవాడు మరుసటిసారి ఆ పేరు మరచిపోతే పాత ఫలితం దొరకదు.

వేళలూ దూరాలూ కలిసి రావు. పరీక్షా కేంద్రాలు పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా, పనిదినాల్లో పనిచేస్తాయి. కూలికి పోయే కుర్రవాళ్లు తెల్లవారుజామునే అడ్డా మీద నిలబడాలి. ఆసుపత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది, ఆ రాత్రి భోజనమూ పోతుంది. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి నగరం మధ్యలో ఉన్నా ఆదోని నుంచి అక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. కడపలో రిమ్స్‌గా జనం పిలిచే ప్రభుత్వ ఆసుపత్రి పట్టణం వెలుపల పుట్లంపల్లి దగ్గర ఉంది, రైల్వే స్టేషను నుంచి ఆటో డబ్బులు కావాలి. రెండు చోట్లా చర్మ, సుఖవ్యాధుల విభాగం అని రాసిన బోర్డు కిందే వరుసలో నిలబడాలి. ఊరి జనం కళ్ల ముందు ఆ బోర్డు కింద నిలబడడానికి ఇల్లున్నవారే జంకుతారు. పగలంతా అదే బస్టాండులో తిరగవలసినవాడికి, తన పక్కన పడుకునేవారి నోటికి దొరికితే ఇక ఆ చోటు తనది కాదని తెలుసు. రాత్రి ఆశ్రయ కేంద్రాల్లో పరీక్షలు జరిపితే ఈ కష్టంలో సగం పోతుంది. కానీ ఆశ్రయమే తక్కువ. 2013లో మొదలైన పట్టణ జీవనోపాధి మిషన్‌లోని ఆశ్రయ పథకం ప్రతి లక్ష జనాభాకు కనీసం వంద మంది పట్టే ఒక కేంద్రం ఉండాలని పెట్టింది. ఆ లెక్కన కర్నూలుకు నాలుగు, కడపకు మూడు కావాలి. రాష్ట్రంలో వీటి బాధ్యత పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాది. ఆ కేంద్రాలు పెద్దల కోసం ఉద్దేశించినవి. పదిహేడేళ్లవాడిని అక్కడ చేర్చుకుంటే బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబెట్టవలసిందే.

‘వేడి చేసింది’ అనే మాట

వైద్యానికి రాకపోవడానికి తెలియనితనమే కారణమని తరచు రాస్తుంటారు. సీమలో సమస్య అంతకంటే సూక్ష్మమైనది: ఇక్కడ ఈ లక్షణాలకు జనం దగ్గర ముందే ఒక సమాధానం ఉంది. ఎండలు నలభై డిగ్రీలు దాటి, తాగునీరు చాలని చోట మూత్రంలో మంట నిజంగానే మామూలు విషయం. నీళ్లు తక్కువ తాగి, ఎండలో రాళ్లు కొట్టి, బస్తాలు మోసేవారికి మూత్రం చిక్కబడి మండుతుంది. మూత్రపిండాల్లో రాళ్లు కూడా ఏర్పడవచ్చు. వీటన్నిటికీ కలిపి ‘వేడి చేసింది’ అంటారు. మజ్జిగో, సబ్జా గింజల నీళ్లో, బార్లీ గంజో తాగమంటారు. గనేరియా వల్ల వచ్చే మంటా అదే మాటలో కలిసిపోతుంది. మరో చిక్కు, ఆ మంట కొన్ని వారాల్లో దానంతటదే తగ్గవచ్చు. మజ్జిగకే తగ్గిందనుకున్నవాడు రోగాన్ని మోసుకుంటూ తిరుగుతాడు. ఆడపిల్లల్లో తెల్లబట్ట అవుతోందంటే నీరసమని, వేడని, తిండి చాలక అని చెప్పుకుంటారు, అందులో ఒక్కోసారి నిజం ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. గజ్జల్లో బిళ్లలు కడితే బరువు ఎత్తడం వల్ల అనుకుంటారు.

ఈ వ్యాఖ్యానాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం శాస్త్రీయం కాదు. వేడి అనే మాటలో నింద లేదు. సుఖరోగం, సవాయి, సెగ అనే మాటల్లో ఉంది. నిరాశ్రయ యువతీయువకులకు సిగ్గు కలగకుండా తమ బాధను చెప్పుకోవడానికి భాషలో మిగిలిన ఒకే ఒక దారి అది. అందువల్ల వారు మొదట ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతారు, అంటే వైద్య పట్టా లేకుండా సందుల్లో, బస్టాండు పక్క గదుల్లో సూదులు వేసే వారి దగ్గరికి. అక్కడ వరుస లేదు, చీటీ లేదు, రాత్రి ఎనిమిదికైనా తలుపు తెరిచి ఉంటుంది, ఊరు పేరు అడగరు. ఆయన ఇచ్చే యాంటీబయాటిక్ సగం మోతాదులో పడితే గనేరియా క్రిమి మందుకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి ఒక మనిషి కష్టాన్ని దాటి మొత్తం ప్రాంతానికి సంబంధించినది. ‘వేడి చేసిందా?’ అని అడిగి, అవునన్నవారికి మజ్జిగ వద్దనకుండానే సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షకు రక్తం ఇమ్మని చెప్పగల కౌన్సెలరు, కరపత్రాలు పంచే వారికంటే ఎక్కువమందిని పరీక్షకు తీసుకురాగలరు.

మత్తు ఈ ఆలస్యాన్ని పెంచుతుంది. సైకిల్ ట్యూబుల ‘సొల్యూషన్’, వైట్‌నర్ వంటివి గుడ్డలో పోసి పీల్చడం రైల్వే స్టేషన్లలో తిరిగే పిల్లలకు ఆకలిని, చలిని, భయాన్ని మరపించే సాధనం. పీల్చిన మత్తులో కండోమ్ గుర్తుండదు, తారీఖూ గుర్తుండదు. హెచ్‌ఐవీ సోకిన కొన్ని వారాల వరకు, కొందరిలో మూడు నెలల దాకా, పరీక్షలో పట్టుబడదు. దీనిని విండో పీరియడ్ అంటారు. ఏ రోజున ముప్పు జరిగిందో చెప్పలేని, మూడు నెలల తరువాత అదే ఊళ్లో ఉండని మనిషికి ఆ గడువు దాటాక మళ్లీ రమ్మని చెప్పడం ఆచరణలో పరీక్ష చేయకపోవడంతో సమానం.

వయసు, అంగీకారం, చట్టం

2017లో పార్లమెంటు ఆమోదించి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం రోగి పక్షాన నిలిచిన మంచి చట్టం. వివరంగా చెప్పి, మనిషి ఒప్పుకున్న తరువాతే పరీక్ష జరగాలని, ఫలితం రహస్యంగా ఉండాలని, హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వివక్ష చూపరాదని అది శాసించింది. పద్దెనిమిది నిండనివారి విషయంలో మాత్రం ఆ ఒప్పుకోలు తల్లిదండ్రుల నుంచో సంరక్షకుల నుంచో రావలసి వస్తుంది. తండ్రి కొట్టుడుకు, సవతి తల్లి వేధింపుకు తట్టుకోలేక వచ్చిన పదహారేళ్ల పిల్ల ఎవరి సంతకం తేగలదు? బాలల సంరక్షణ గృహంలో ఉన్నప్పుడు ఆ సంస్థ బాధ్యులు సంతకం చేయవచ్చు. అంటే పరీక్ష కావాలంటే ముందుగా గృహంలో చేరాలి, ఏ నాలుగు గోడల నుంచి పారిపోయిందో అలాంటి గోడల మధ్యకే తిరిగి వెళ్లాలి. చాలామంది పిల్లలు ఈ బేరానికి ఒప్పుకోరు.

లైంగిక నేరాల నుంచి బాలలను కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలతో జరిగే లైంగిక చర్య ఏదైనా, పిల్ల ఒప్పుకున్నా లేకున్నా, నేరమే. ఆ సంగతి తెలిసిన, లేదా అనుమానించిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పాలని 19వ సెక్షను చెబుతుంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చు. పిల్లల మీద జరిగిన ఘోరాలను మూసిపెట్టే అలవాటును విరిచిన ఈ నిబంధన విలువ తక్కువేమీ కాదు. కానీ సుఖవ్యాధి పరీక్ష అడగడమే లైంగిక సంబంధం ఉందని ఒప్పుకోవడం కాబట్టి, పదిహేడేళ్ల యువతి సురక్ష క్లినిక్‌లో నోరు విప్పిన క్షణంలోనే డాక్టరు సమాచారం ఇవ్వవలసిన స్థితిలో పడతారు. ఆ పోలీసు ఎవరిని పట్టుకుంటాడు? తనను చెరిచిన వాడినైతే ఆమెకు మేలే. తనకు రోజూ అన్నం పెట్టి, రాత్రి పక్కన కాపలా పడుకునే పందొమ్మిదేళ్ల కుర్రవాడిని అయితే ఆమెకు ఉన్న ఒకే ఒక ఆసరా జైలుకు వెళుతుంది. ఈ భయం వల్ల ఇద్దరూ పరీక్షకు రారు, ఇద్దరికీ రోగం అంటుతుంది. గర్భస్రావం విషయంలో సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న ఒక సడలింపు ఇచ్చింది: మైనరు, ఆమె సంరక్షకులు కోరితే వైద్యుడు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వెల్లడించనక్కరలేదని చెప్పింది. అలాంటి రక్షణను లైంగిక వ్యాధుల పరీక్షకూ స్పష్టంగా విస్తరించడం న్యాయంగానూ వైద్యపరంగానూ అవసరం.

పరీక్ష శిక్షగా మారిన చరిత్ర

వ్యభిచార గృహాల మీద దాడుల్లో పట్టుబడిన యువతులకు లైంగిక వ్యాధుల పరీక్ష కొత్త కాదు, బలవంతపుది. 1956 నాటి అనైతిక వ్యాపార నివారణ చట్టానికి 1986లో చేర్చిన సవరణ ప్రకారం, రక్షించి మేజిస్ట్రేటు ముందు హాజరుపరచిన వారిని వయసు నిర్ణయానికి, దెబ్బల గుర్తింపుకు, లైంగిక వ్యాధులు ఉన్నాయేమో చూడడానికి వైద్యుడు పరీక్షించాలి. వెనక్కి వెళితే 1868లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన అంటువ్యాధుల చట్టం కనిపిస్తుంది. ఆ చట్టం కింద వ్యభిచారిణులుగా నమోదైన స్త్రీలను బలవంతంగా పరీక్షించి, వ్యాధి ఉన్నవారిని లాక్ హాస్పిటళ్లలో నిర్బంధించేవారు; 1888లో దానిని ఎత్తివేశారు. పరీక్ష చేసేవాడి పక్కన పోలీసు నిలబడిన జ్ఞాపకం ఈ వర్గంలో నోటి నుంచి నోటికి పాకింది. కదిరి, రాయచోటి ప్రాంతాల నుంచి పెద్ద నగరాలకు యువతులను తరలించిన చరిత్ర ఉంది. వారిలో ఇల్లు చేరినవారికి ఆ ఇంట్లో చోటు దొరకడం తేలిక కాదు. వన్ స్టాప్ సెంటర్ల పేరుతో 2015లో మొదలైన పథకం వైద్యం, పోలీసు, న్యాయ సహాయం ఒకచోట ఇస్తానంటుంది. పోలీసు ఆ మూడింటిలో ఒకటిగా ఉండడం వల్లనే కొందరు ఆ గుమ్మం ఎక్కరు.

హిజ్రా యువత విషయంలో మూసుకున్న తలుపు మరోలా ఉంటుంది. ఇంట్లోంచి గెంటివేతకు గురయ్యే వయసు సాధారణంగా పద్దెనిమిదికి లోపే. వారు చేరేది పెద్ద హిజ్రాల ఇంటికి, అక్కడ పెద్దావిడే అమ్మ, గురువు, సంరక్షకురాలు. చట్టం దృష్టిలో మాత్రం ఆమె ఎవరూ కాదు. 2020 జనవరి 10న అమలులోకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, మైనర్ల గుర్తింపు పత్రానికి తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలంటుంది, ఇంట్లోవాళ్లు చూడలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలంటుంది. అదే చట్టం ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేక హెచ్‌ఐవీ నిఘా (సీరో-సర్వైలెన్స్) కేంద్రాలు పెట్టాలనీ చెబుతుంది. ఒకే చట్టంలోని ఈ రెండు మాటల మధ్య పదహారేళ్ల హిజ్రా పిల్ల నిలబడి ఉంది. అయినా అందరికంటే ముందుగా పరీక్షకు వచ్చేదీ ఈ వర్గమే. గురువు ఒక మాట చెబితే ఇంట్లోని చేలాలు, అంటే శిష్యులు, కలిసి వెళతారు. ఒంటరిగా ప్లాట్‌ఫారం మీద పడుకునే కుర్రవాడికి ఆ మాట చెప్పేవారు లేరు.

పరీక్ష తరువాత

పరీక్షతో పని అయిపోదని, ఫలితం తరువాతే అసలు కష్టం మొదలవుతుందని తెలిసి రానివారూ ఉన్నారు. హెచ్‌ఐవీ ఉందని తేలితే కర్నూలులోనో కడపలోనో ఉన్న ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే జీవితాంతం వాడవలసిన వైరస్ నిరోధక మందులు ఇచ్చే చోట, నమోదు కావాలి. మందులు 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితం. రోజుకు ఒక మాత్ర చాలు. ఆ మాత్రల సీసాను ఎక్కడ దాచాలి? సంచి దొంగల పాలు, వాన పాలు, ఊడ్చేవారి పాలు అవుతుంది; సీసా మీది అట్ట చూసి పక్కవాడు కనిపెడతాడు. కేంద్రం ఫోన్ చేసి రమ్మందామంటే ఫోను లేదు, ఉన్నా నంబరు మారిపోతుంది. ఇంటికి వచ్చి చూద్దామంటే ఇల్లు లేదు. సుగ్గికి పోయిన కుటుంబపు యువకుడు నాలుగు నెలలు గుంటూరు జిల్లా చేలలో ఉంటాడు. ఆ జిల్లాలో మందు తీసుకోవడానికి కాగితం కావాలి, ఆ కాగితం సొంత ఊరి కేంద్రంలో ఉంటుంది. పక్కనున్న అనంతపురం సీమలో వలస, పేదరికం నడుమ హెచ్‌ఐవీ వైద్యాన్ని నిలబెట్టిన అనుభవం రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆ సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రి రోగుల సమాచారం ఆధారంగా, చికిత్సకు ఆలస్యంగా రావడం గురించీ మధ్యలో తప్పిపోవడం గురించీ అధ్యయనాలు వెలువడ్డాయి. సిఫిలిస్ విషయంలో దారి సులువు: తొలి దశలో బెంజాథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల ఒక్క సూదితో నయమవుతుంది. ఆ ఒక్క సూది కోసం రెండోసారి రమ్మన్నప్పుడే మనిషి జారిపోతాడు; రక్తం తీసిన రోజే, వేలి చుక్కతో ఫలితం చూసి, అక్కడికక్కడే వేయడం ఈ వర్గానికి తగిన పద్ధతి.

ఇతర దేశాల అనుభవం ఇదే దిక్కు చూపుతుంది. కెనడాలో 1999 నుంచి ఏడు నగరాల్లో వీధుల్లో ఉండే యువతలో లైంగిక వ్యాధులను గమనించిన ప్రభుత్వ నిఘా కార్యక్రమం, వారిలో క్లమీడియా సాధారణ యువతలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువని చూపింది. వారిని కనుగొన్నది ఆసుపత్రుల్లో కాదు, డ్రాపిన్ సెంటర్లలో, అంటే వీధి యువత ఎప్పుడైనా వచ్చి సేదతీరే చోట్లలో. ఇంగ్లండు 2003లో 25 ఏళ్ల లోపు వారికి క్లమీడియా స్క్రీనింగ్ మొదలుపెట్టినప్పుడు మూత్రం నమూనా ఇస్తే చాలని, ఒంటిని డాక్టరుకు చూపించనక్కరలేదని చెప్పడం వల్ల చాలామంది ముందుకు వచ్చారు. భారతదేశంలోనూ ఆరోగ్య కార్యకర్త కాని శిక్షితులు కూడా వేలి చుక్కతో హెచ్‌ఐవీ మొదటి పరీక్ష చేసి, అనుమానం ఉన్నవారిని మాత్రమే ఐసీటీసీకి తీసుకువెళ్లే సమాజ ఆధారిత పరీక్షకు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. ఆ అనుమతిని రాత్రివేళ రైల్వే స్టేషను దగ్గరికి తీసుకెళ్లినప్పుడే దానికి ఈ ప్రాంతంలో అర్థం ఉంటుంది.

అటువంటి చోట్లు వెతకనవసరం లేదు. కర్నూలు, కడప పట్టణాల్లో 2024 ఆగస్టులో తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్లలో అయిదు రూపాయలకు భోజనం దొరుకుతుంది. మంత్రాలయంలో, అమీన్‌పీర్ దర్గాలో అన్నం కోసం కూర్చున్న వరుసల్లో ఈ వయసువారు కనిపిస్తారు. ఆదోని పత్తి మార్కెట్టు యార్డులో బస్తాల మీద నిద్రపోయేవారు, డోన్ స్టేషనులో గుంతకల్లు రైలు కోసం వేచి ఉన్నట్టు కూర్చుని ఏ రైలూ ఎక్కనివారు కూడా ఉన్నారు. కోసిగి, కౌతాళం మండలాల్లో సుగ్గికి పోయే బళ్లు, లారీలు బయలుదేరే రోజులూ ఊరందరికీ ముందే తెలుసు. ఆ రోజులకు ముందు వారం ఊళ్లోనే పరీక్ష చేసి, హెచ్‌ఐవీ మందులు వాడుతున్న వారికి నాలుగు నెలల మాత్రలు ఒక్కసారే ఇచ్చి, గుంటూరు వైపు కేంద్రానికి కాగితం పంపగలిగితే, చేల గట్ల మీద గడిపే ఆ కాలంలో మందు ఆగదు.